ఏడు సంఘాలకు ఒకే గ్రంథం, మన సంఘాలకు ఒకే వెబ్‌సైట్

పత్మసు ద్వీపంలో ప్రవాసంలో ఉన్న యోహానుకు యేసుప్రభువు ప్రత్యక్షమై, తాను చూపించేవన్నీ ఒక గ్రంథంలో రాసి ఏడు సంఘాలకు పంపమని ఆజ్ఞాపించాడు (ప్రకటన 1:11). ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ అనే ఆ ఏడు పట్టణాలూ నేటి టర్కీ దేశపు పశ్చిమ ప్రాంతంలోవి. రెండు, మూడు అధ్యాయాల్లోని ఆ ఏడు లేఖల్ని వరుసగా చదివితే ఒక సంగతి బోధపడుతుంది. లేఖలన్నిటికీ చట్రం దాదాపు ఒక్కటే! సంఘదూతకు సంబోధన, ప్రభువు తనను తాను పరిచయం చేసుకోవడం, ఆ సంఘం స్థితి తనకు తెలుసునని చెప్పడం, జయించేవారికి ఒక వాగ్దానం. కానీ చట్రం లోపలి మాటలు మాత్రం ఏ ఊరివి ఆ ఊరికే. శ్రమల్లో ఉన్న స్ముర్నకు మందలింపు లేదు, ధైర్యవచనాలే ఉన్నాయి. ధనానికీ, ఉన్ని బట్టలకూ పేరుపొందిన లవొదికయతో ప్రభువు బంగారం గురించీ, వస్త్రాల గురించీ మాట్లాడాడు. స్ముర్నకు రాసిన లేఖ పొరపాటున లవొదికయకు చేరితే ఎంత అనర్థం! అయినా ఏడు లేఖలూ ఒకే గ్రంథంలో ఏడు సంఘాలకూ వెళ్లాయి. ఒకరికి చెప్పింది అందరూ విన్నారు.

అనేక చోట్ల ఆరాధనలు జరిగే సంఘం తన వెబ్‌సైట్‌ను ఎలా కట్టుకోవాలన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి నమూనా లేదు. ఒకే సంఘం అనేక ఊళ్లలో ఉండడం తెలుగు క్రైస్తవులకు కొత్తేమీ కాదు. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడడానికి ముందు నుంచే ఒక కాపరి కింద అనేక గ్రామ సంఘాలుండే పద్ధతి మనకుంది. ఇప్పుడు స్వతంత్ర సంఘాలకూ శాఖలున్నాయి. పట్టణంలో తల్లి సంఘం, చుట్టూ పది పన్నెండు ఊళ్లలో శాఖలు, గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఒక తెలుగు సహవాసం! వీటన్నిటికీ కలిపి ఒక వెబ్‌సైట్ కావాలని యువజనులు అడుగుతారు. కమిటీ కూర్చుంటుంది. ఒకరు వర్డ్‌ప్రెస్ అంటారు, మరొకరు డ్రూపల్ అంటారు, ఇంకొకరు నెలనెలా అద్దె కడితే చాలు, విక్స్‌లో అయిపోతుందంటారు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. నిజానికి వాళ్లు నిర్ణయించాల్సింది సాఫ్ట్‌వేర్ గురించి మాత్రమే కాదు. శాఖా సంఘాన్ని తల్లి సంఘం ఎంత నమ్ముతుంది, తాళాలు ఎవరి చేతిలో ఉంటాయన్నది అసలు ప్రశ్న.

ముందుగా మాట అర్థం చేసుకుందాం. ఒకప్పుడు వెబ్‌సైట్‌లో ఆరాధన సమయం మార్చాలన్నా కంప్యూటర్ కోడ్ తెలిసిన వాడిని పిలవాల్సి వచ్చేది. కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, క్లుప్తంగా సి.ఎం.ఎస్., ఆ అవసరాన్ని తీసేసింది. పేజీ రూపం ఒకచోట ఉంటుంది, అందులోని విషయం మరొకచోట ఉంటుంది. ఉత్తరం టైపు చేయగలిగిన వారెవరైనా విషయాన్ని మార్చవచ్చు, రూపం చెదరదు. చట్రం ఒక్కటే, మాటలు ఎవరివి వారివి! ప్రకటన గ్రంథంలో మనం చూసింది ఇదే కదా?

ఈ పని చేసే సాఫ్ట్‌వేర్లలో ముఖ్యమైనవి మూడు. డ్రూపల్ 2001లో, వర్డ్‌ప్రెస్ 2003లో, జూమ్లా 2005లో వచ్చాయి. మూడూ ఉచితమే. వీటిలో వర్డ్‌ప్రెస్ వాడకం చాలా ఎక్కువ. అది తెలిసిన కుర్రవాళ్లు మన జిల్లా కేంద్రాల్లోనూ దొరుకుతారు. చిన్న సంఘానికి ఇది పెద్ద మేలు. డ్రూపల్ బలమైనది. ఎవరు ఏ పేజీని ముట్టుకోవాలో చాలా సూక్ష్మంగా నిర్ణయించవచ్చు. అనేక భాషల ఏర్పాటు డ్రూపల్ కొత్త వెర్షన్లలోనూ, జూమ్లాలోనూ లోపలే ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌లోనైతే దానికోసం ప్లగిన్ అనే అదనపు భాగాన్ని చేర్చుకోవాలి. విదేశాల్లో పెరిగి తెలుగు చదవలేని మన పిల్లలకు ఇంగ్లిష్ పేజీలు కావాలనుకునే సంఘాలు ఈ తేడా గమనించాలి. అయితే డ్రూపల్‌కు అనుభవమున్న నిపుణుడు కావాలి. పైగా డ్రూపల్ 7కు 2025 జనవరి 5తో మద్దతు ఆగిపోయింది. దాని మీద కట్టుకున్న వారు కొత్త వెర్షన్‌కు మారాలంటే దాదాపు మళ్లీ కట్టుకోవాల్సిందే. ఉచితమంటే ఖర్చు లేనిదని కాదు. స్థలం ఉచితంగా వచ్చినా మందిరం కట్టాలి, ఏటేటా సున్నం వేయాలి. విక్స్ లాంటివి అద్దె ఇళ్లు. మరమ్మతులు, భద్రత యజమానే చూసుకుంటాడు గనుక నిశ్చింత. కానీ ఖాళీ చేసే రోజు ఇంటిని వెంట తీసుకెళ్లలేం. అక్కడ కట్టిన సైటును ఉన్నదున్నట్టుగా మరోచోటికి తరలించే వీలుండదు. ఇరవయ్యేళ్ల ప్రసంగాలు, సాక్ష్యాలు భద్రపరచుకోవాలనుకునే సంఘం దీని గురించి ఆలోచించాలి.

మరి శాఖల సంగతేమిటి? వర్డ్‌ప్రెస్‌లో మల్టీసైట్ అనే ఏర్పాటు 2010లో 3.0 వెర్షన్‌తో వచ్చింది. ఒకే సాఫ్ట్‌వేర్ మీద ఎన్ని శాఖలుంటే అన్ని సైట్లు నడుస్తాయి. మొత్తం మీద అధికారమున్న సూపర్ అడ్మిన్ మాత్రమే కొత్త ప్లగిన్లు, కొత్త రూపాలు చేర్చగలడు. శాఖ బాధ్యుడు తన సైటులోని విషయాన్ని తాను రాసుకుంటాడు, పక్క శాఖ జోలికి వెళ్లలేడు. ఎంత చక్కని ఏర్పాటు! కానీ ఇందులో మరో కోణముంది. పునాది ఒక్కటే కాబట్టి అది దెబ్బతింటే అన్ని శాఖల సైట్లూ ఒకేసారి ఆగిపోతాయి. రేపు ఒక శాఖ స్వతంత్ర సంఘంగా ఎదిగి వేరుపడితే దాని పేజీల్ని విడదీయడం కొంచెం శ్రమే. అందుకే కమిటీ ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. మన శాఖలు నెలనెలా సొంతంగా ప్రకటించాల్సిన విషయాలున్నాయా? ఆరాధన సమయం, మందిరానికి దారి, సేవకుని ఫోన్ నంబరు మాత్రమే చాలంటే మల్టీసైట్ అక్కర్లేదు. ఒకే సైటులో శాఖకొక పేజీ సరిపోతుంది. ప్రతి శాఖకూ సొంత కూడికలు, స్త్రీల సమాజం కార్యక్రమాలు, సండే స్కూల్ వార్తలు ఉంటేనే మల్టీసైట్‌కు అర్థముంది. దావీదుకు సౌలు కవచం బరువైంది. పక్క ఊరి పెద్ద సంఘం వాడుతోందని మనమూ అదే తొడుక్కుంటే మనకూ అంతే!

ఇక అధికారాలు. మోషే ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనుల వ్యాజ్యాలు తీర్చడం చూసి అతని మామ యిత్రో, ఇలాగైతే నీవూ జనులూ నలిగిపోతారని హెచ్చరించాడు. వెయ్యిమందికొకరిని, వందమందికొకరిని, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్కరిని నియమించమన్నాడు (నిర్గమ 18 అధ్యాయం). పెద్ద సంగతులు మాత్రమే మోషే దగ్గరికి రావాలి. సి.ఎం.ఎస్. లోపల ఉండేదీ ఈ ఏర్పాటే. వర్డ్‌ప్రెస్‌లో కంట్రిబ్యూటర్ రాయగలడు గాని ప్రచురించలేడు. ఆథర్ తన రాతల్ని ప్రచురించగలడు. ఎడిటర్ అందరి రాతల్నీ దిద్దగలడు. ఆపైన అడ్మినిస్ట్రేటర్. ఇన్ని మెట్లుండగా చాలా సంఘాల్లో ఒక్కటే పాస్‌వర్డ్, అది ఒక్కరి దగ్గరే! శాఖ నుంచి వచ్చిన ప్రతి చిన్న వార్తా తల్లి సంఘం ఆఫీసులో మూడు వారాలు పడి ఉంటుంది. క్రిస్మస్ కూడిక వివరాలు సంక్రాంతికి కనిపిస్తాయి. శాఖలో చదువుకున్న ఒక చెల్లికో తమ్ముడికో రెండు గంటలు నేర్పించి వారి పేజీ వారికే అప్పగించాలి. సిద్ధాంతపరమైన వ్యాసాలు, ఆర్థిక విషయాలు మాత్రం కాపరి, పెద్దలు చూశాకే రావాలి. నమ్మకంతో పాటు పర్యవేక్షణ కూడా ఉండాలి. అధికారం పంచితే తగ్గేది కాపరి గౌరవం కాదు, ఆయన అలసట!

నేనెరిగిన ఒక సంఘంలో సైటు చిరునామాను ఒక సోదరుడు ఎంతో ప్రేమతో సొంత డబ్బుతో, తన పేరు మీదే కొన్నాడు. ఉద్యోగరీత్యా విదేశం వెళ్లాక ఆ పాత ఈమెయిల్ చూడడం మానేశాడు. గడువు తీరింది, రెన్యువల్ జరగలేదు, ఎవరో కొనేశారు. ఆ ఏడాది గుడ్ ఫ్రైడే ఆరాధన సమయం కోసం వెతికిన వారికి సంఘం పేరు మీద జూదం ప్రకటనలు కనిపించాయి. ఆ సోదరుని తప్పేముంది? చిరునామా, హోస్టింగ్ ఎప్పుడూ రిజిస్టరైన సంఘం పేరు మీద, సంఘం ఈమెయిల్‌తో ఉండాలి. తాళాలు కనీసం ఇద్దరు బాధ్యుల దగ్గరుండాలి. వారు మారినప్పుడు మినిట్స్ పుస్తకంలో రాసి, పాస్‌వర్డ్ మార్చి అప్పగించాలి. సైటు నకలు వేరే చోట భద్రపరచాలి. మూడు నెలలకోసారి ఆ నకలు నుంచి సైటును తిరిగి నిలబెట్టి చూడాలి. వర్డ్‌ప్రెస్ సైట్లలోకి దొంగలు ఎక్కువగా దూరేది పాతబడిన ప్లగిన్ల గుండానే. కాబట్టి ప్లగిన్లు కొన్నే ఉండాలి, అవి ఎప్పటికప్పుడు అప్‌డేట్ కావాలి. ఈ పని ఎవరిదో పేరుతో సహా తేలకపోతే ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా ఒక్కటే.

తెలుగు సంఘాలకు ప్రత్యేకమైన చిక్కు మరొకటుంది. మన మాసపత్రికలు, కరపత్రాలు ఏళ్ల తరబడి డి.టి.పి. సెంటర్లలో అను ఫాంట్లలో టైపయ్యాయి. ఆ అక్షరాల్ని అలాగే సైటులో అతికిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. అందుకని చాలామంది పేజీని ఫొటో తీసి పెడుతున్నారు. ఫొటోలోని వాక్యం గూగుల్ వెతుకులాటకు సులభంగా దొరకదు. ఫోన్ చదివి వినిపిస్తే తప్ప తెలుసుకోలేని చూపులేని సహోదరునికి అది మూగ పేజీ. యూనికోడ్‌లోకి మార్చి పెట్టిన తెలుగైతే అందరికీ అందుతుంది. ఏ సి.ఎం.ఎస్. ఎంచుకున్నా ఒక తెలుగు ప్రసంగాన్ని అందులో పెట్టి, మామూలు ఫోన్‌లో, పల్లెటూరి సిగ్నల్‌లో తెరిచి చూశాకే నిర్ణయించాలి.

అన్నిటికంటే భయభక్తులతో ఆలోచించాల్సింది ప్రార్థన మనవుల పేజీ గురించి. భర్త తాగుడు గురించి, చెప్పుకోలేని జబ్బు గురించి, అప్పుల గురించి ఒక సహోదరి కన్నీళ్లతో రాస్తుంది. ఆమె కాపరికి రాశాననుకుంటుంది. ఆ సందేశం సైటు చూసే పదిమందికీ కనిపించేలా ఉంటే? అందులో ఒకరు ఆమె ఆడపడుచు కొడుకైతే? మనవులు ఎవరికి చేరతాయో పేజీ మీదే స్పష్టంగా రాయాలి, చేరాల్సిన వారికే చేరాలి, కొంతకాలానికి చెరిపేయాలి. బాప్తిస్మం ఫొటోలూ అంతే. ఇంట్లో ఇంకా చెప్పుకోని వారుంటారు. వారి అనుమతి లేకుండా ముఖం లోకానికి చూపించే హక్కు మనకెక్కడిది? డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబర్‌లో వెలువడి దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అని ఆ చట్టం చెబుతుంది. పొరుగువానిని ప్రేమించమన్న ఆజ్ఞ తెలిసిన మనకు ఆ మాట చట్టం చెప్పేదాకా ఆగాలా? కానుకల బటన్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. విదేశీ పౌరుల కానుకలు ఎఫ్.సి.ఆర్.ఎ. అనుమతి ఉన్న సంస్థలే, అదీ న్యూఢిల్లీ స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతా ద్వారానే తీసుకోవాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన బంధువు కూడా ఆ చట్టం దృష్టిలో విదేశీయుడే. ఆ బటన్ పెట్టే ముందు ఆడిటర్‌ను అడగడం క్షేమం.

కాబట్టి ప్రియులారా, కమిటీలో సాఫ్ట్‌వేర్ పేరు మీద చేతులెత్తే ముందు కొన్ని ప్రశ్నలకు జవాబులు రాసుకుందాం. శాఖలు సొంతంగా ఏం చెప్పాలి? ఎవరు రాస్తారు, ఎవరు చూస్తారు? తాళాలు ఎవరి దగ్గర, వారి తర్వాత ఎవరి దగ్గర? రేపు వేరే చోటికి మారాలంటే మన మాటలు మనతో వస్తాయా? జవాబులు దొరికితే చాలావరకు సాఫ్ట్‌వేర్ దానంతటదే తేలుతుంది. శాఖలు కొన్నే ఉన్న మామూలు సంఘానికి వర్డ్‌ప్రెస్‌లో శాఖకొక పేజీ చాలు. చురుకైన శాఖలు ఎక్కువగా ఉంటే మల్టీసైట్ మంచిది. నిపుణులైన విశ్వాసులు, అనేక భాషలు, పెద్ద వ్యవస్థ ఉన్నచోట డ్రూపల్ గురించి ఆలోచించవచ్చు. చూసుకునే వారెవరూ లేకపోతే అద్దె ఇల్లే నయం, నకలు మాత్రం మన దగ్గరుండాలి.

ఏడు బంగారు దీపస్తంభాల మధ్య సంచరించే ప్రభువుకు పెద్ద దీపం, చిన్న దీపం అన్న తేడా లేదు (ప్రకటన 2:1). తల్లి సంఘం పేజీ ఎంత అందంగా ఉందో చూసి మురిసిపోవడం తేలిక. జాబితాలో చిట్టచివరి పేరైన ఆ చిన్న ఊరి సంఘం పేజీ తెరవండి. అక్కడి ఆరాధన సమయం సరిగ్గా ఉందా? ఆ ఫోన్ నంబరుకు చేస్తే ఎవరైనా పలుకుతున్నారా? అర్ధరాత్రి నిద్రపట్టక, ఎవరితో చెప్పుకోవాలో తెలియక వెతికే ఒక అపరిచితుడు మొదట తట్టే తలుపు అదే కావచ్చు!