ఆలివ్ నూనె సీసాలో లేనిది.. ఆ కొండ ఊరిలో ఉంది!

గుండెకు మధ్యధరా ఆహారం మంచిదని డాక్టర్లు చెబుతుంటారు. ఆ మాట వినగానే చాలామంది సూపర్‌మార్కెట్‌కు వెళ్లి ఖరీదైన ఆలివ్ నూనె సీసా కొనుక్కొస్తారు. ఆ ఆహారానికి ప్రపంచమంతా పేరు తెచ్చిన ఊళ్లు ఎక్కడున్నాయి? అక్కడివాళ్లు ఏం తిన్నారు, ఎలా బతికారు? ఇది మాత్రం ఎవరికీ పట్టదు. యూరప్ టూర్‌కు వెళ్లేవాళ్లు, అక్కడున్న పిల్లల దగ్గరకు వెళ్లే పెద్దలు రెండు మూడు రోజులు కేటాయించుకుంటే ఆ ఊళ్లను కళ్లారా చూసి రావొచ్చు. కాకపోతే అది కొండ ప్రాంతం. మెట్లు, వాలు దారులు ఎక్కువ. బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు కాస్త సిద్ధమై వెళ్లాలి.

ఎక్కడుందీ ఊరు?

దక్షిణ ఇటలీలో నేపుల్స్‌కు వెళ్లిన యాత్రికుల్లో ఎక్కువమంది పాంపేయి శిథిలాలు, అమాల్ఫీ తీరం చూసుకుని వెనక్కి తిరుగుతారు. సలెర్నో పట్టణం దాటి ఇంకా దక్షిణానికి వెళితే చిలెంటో అనే కొండ ప్రాంతం వస్తుంది. అక్కడిదే పొల్లికా. జనాభా రెండు వేల పైచిలుకు. ఊరు కొండ మీద ఉంటే, దాని కిందికే వచ్చే అచ్చరోలి, పియొప్పి అనే రెండు పల్లెలు సముద్రపు ఒడ్డున ఉంటాయి. పైన రాతి ఇళ్లు, ఇరుకు సందులు, కపానో ప్రభువుల పాత కోట. వాలు పొడవునా ఆలివ్, అంజీర తోటలు. కింద నీలి సముద్రం. అచ్చరోలిలో చేపల పడవల రేవు, పియొప్పిలో గులకరాళ్ల తీరం ఉన్నాయి.

నేపుల్స్ నుంచి సలెర్నో మీదుగా అగ్రోపోలి స్టేషన్‌ వరకు రైలు ఉంది. అక్కడి నుంచి బస్సు లేదా కారు. దారి మన ఘాట్ రోడ్డులా మెలికలు తిరుగుతుంది కాబట్టి ప్రయాణంలో వాంతులయ్యేవాళ్లు ముందు సీట్లో కూర్చోవాలి. బయల్దేరే ముందు కడుపు నిండా తినొద్దు.

శాస్త్రవేత్త ఇల్లు కట్టుకున్న పల్లె

ఆన్సెల్ కీస్ అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో శరీరధర్మ శాస్త్రవేత్త. మధ్యవయసు అమెరికన్లు గుండెపోటుతో కుప్పకూలుతున్న రోజుల్లో, నేపుల్స్ కార్మికుల్లో ఆ జబ్బు అరుదని విని 1950ల ఆరంభంలో స్వయంగా చూడ్డానికి వచ్చారు. తర్వాత 1958లో మొదలైన ఏడు దేశాల అధ్యయనంలో 40 నుంచి 59 ఏళ్ల మగవాళ్లను సుమారు 12,700 మందిని ఏళ్ల తరబడి పరిశీలించారు. వెన్న, మాంసం ఎక్కువగా తినే ఫిన్లాండ్, అమెరికాల్లో గుండెజబ్బు మరణాలు ఎక్కువగా, గ్రీసులోని క్రీట్ దీవిలో, జపాన్‌లో చాలా తక్కువగా కనిపించాయి.

ఆ అధ్యయనం మీద విమర్శలు లేకపోలేదు. అది జనాన్ని గమనించి చెప్పిన లెక్క. తిండి ఒక్కటే కారణమని దాంతో తేల్చలేం. తర్వాత స్పెయిన్‌లో సుమారు 7,400 మందిని గ్రూపులుగా విడదీసి ఈ ఆహారాన్ని పరీక్షించారు. మధ్యధరా ఆహారానికి తోడు ఆలివ్ నూనె గానీ గింజపప్పులు గానీ తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పులు దాదాపు 30 శాతం తగ్గాయి. మనుషుల్ని గ్రూపుల్లో చేర్చిన తీరులో లోపాలు బయటపడటంతో లెక్కలన్నీ మళ్లీ వేసి 2018లో తిరిగి ప్రచురించారు. అప్పుడూ ఫలితం ఇంచుమించు అదే.

కీస్, ఆయన భార్య మార్గరెట్ పియొప్పిలో ఇల్లు కట్టుకుని దశాబ్దాల పాటు ఏడాదిలో చాలా నెలలు అక్కడే గడిపారు. మార్గరెట్ జీవరసాయన శాస్త్రవేత్త. ఇద్దరూ కలిసి ఈ ఆహారం మీద పుస్తకాలు రాశారు. కీస్ 2004లో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు. పియొప్పిలో విన్చిప్రోవా అనే పాత భవంతిలో ఇప్పుడు మధ్యధరా ఆహార మ్యూజియం నడుస్తోంది. వేళలు కాలాన్ని బట్టి మారొచ్చు కాబట్టి ముందే కనుక్కుని వెళ్లండి.

మధ్యధరా ఆహారాన్ని యునెస్కో 2010 నవంబరులో మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. ఇటలీ తరఫున నిలిచిన ప్రాంతం చిలెంటోనే. అందుకోసం పట్టుబట్టి పనిచేసినవారిలో పొల్లికా మేయర్ ఆంజెలో వస్సాల్లో ఒకరు. ఆయన మత్స్యకారుడు. సముద్రాన్ని, తీరాన్ని కాపాడాలని పోరాడినవారు. ఆ గుర్తింపు రావడానికి రెండు నెలల ముందు, సెప్టెంబరు 5 రాత్రి ఇంటికి వెళుతుండగా ఆయన్ని కాల్చి చంపారు. అచ్చరోలి రేవులో నడుస్తున్నప్పుడు ఆయన్ని ఒక్కసారి తలచుకోండి.

పేదవాళ్ల పళ్లెం

చిలెంటో వంట పేదరికంలోంచి పుట్టింది. కొండ వాలులో పండేవే తిన్నారు. శనగలు, చిక్కుడు గింజలు, పొలం గట్ల మీది ఆకుకూరలు, టమాటా, ఉల్లి, ముతక రొట్టె, ఆలివ్ నూనె.. ఇవే రోజువారీ తిండి. మాంసం పండగలకే. నాలుగైదు రకాల గింజలు, ధాన్యాలు కలిపి ఉడికించే సూప్ అక్కడ పేరున్న వంటకం. మన గుగ్గిళ్లు, కలగలుపు పప్పు తిన్నవాళ్లకు అది కొత్తగా అనిపించదు. ‘ఆక్వాసాలే’ అనేది ఇంకో వంటకం. ఎండిన గట్టి రొట్టెను నీళ్లలో తడిపి, పైన టమాటా ముక్కలు, ఆలివ్ నూనె వేస్తారు. మిగిలిన అన్నాన్ని చద్దన్నంగా మార్చుకున్న మన ఇళ్ల ఆలోచనే అక్కడా కనిపిస్తుంది.

శాకాహారులకు ఇది అనువైన చోటే. కానీ చూడ్డానికి కూరగాయల వంటకంలా ఉన్నదాంట్లోనూ నెత్తళ్లు కలిపే అలవాటుంది. ‘సెంజా కార్నె, సెంజా పేషె’ అని చెప్పండి. మాంసం వద్దు, చేప వద్దు అని అర్థం.

మూడు విషయాల్లో జాగ్రత్త అవసరం. నెత్తళ్లను జాడీల్లో ఉప్పు దట్టించి నిల్వ చేస్తారు. మన ఊరగాయ లెక్కే. ఆలివ్ కాయలు, చీజ్‌లోనూ ఉప్పు ఎక్కువే. బీపీ, గుండె బలహీనత ఉన్నవాళ్లు రుచి చూసి ఆపేయాలి. చిలెంటో తెల్ల అంజీరకు మంచి పేరుంది. ఎండు అంజీరలో చక్కెర పేరుకుని ఉంటుంది కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు ఒకటీ రెండుతో సరిపెట్టుకోవాలి. ఇక వైన్. భోజనంతో పాటు కొద్దిగా తాగడం అక్కడి అలవాటే. అలాగని గుండె కోసమంటూ అలవాటు లేనివాళ్లు మొదలుపెట్టొద్దు. ఆ సలహా ఇచ్చేంత బలమైన ఆధారం లేదు.

కొండెక్కే ముందు గుండె మాట వినండి

ఈ ఊళ్లలో జనం పొలానికి, చర్చికి, రేవుకు, దేనికైనా ఎక్కి దిగాల్సిందే. ఆ నడకను పక్కనపెట్టి పళ్లెం గురించే మాట్లాడితే సగం కథే చెప్పినట్టు. అయితే ఏడాదంతా కుర్చీలో కూర్చుని, ఒక్కసారిగా అక్కడి వాలు ఎక్కడం ప్రమాదం.

ఇంట్లోనే ఓ చిన్న పరీక్ష చేసుకోండి. మామూలు వేగంతో రెండు అంతస్తులు ఆగకుండా ఎక్కగలుగుతున్నారా? ఎక్కుతుంటే ఛాతీలో బరువు, పట్టేసినట్టు ఉండటం, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకడం, అంతకుముందు లేని ఆయాసం వస్తే టికెట్ కొనకముందే డాక్టరును కలవాలి. షుగర్ ఉన్నవాళ్లలో ఛాతీ నొప్పి లేకుండా ఆయాసం, చెమటలు, నీరసం మాత్రమే కనిపించొచ్చు. గ్యాస్ అని సరిపెట్టుకోవద్దు. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంటు వేయించుకున్నవాళ్లు డాక్టరు సరేనన్నాకే బయల్దేరాలి.

ఏ ఇబ్బందీ లేకపోతే ఆరు వారాల ముందు నుంచే సాధన మొదలుపెట్టండి. మొదట రోజూ 20 నిమిషాల నడక. వారానికి ఐదేసి నిమిషాలు పెంచుతూ, మూడో వారం నుంచి అపార్ట్‌మెంట్ మెట్లు చేర్చండి. మోకాళ్లకు ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ కష్టం. తొడ కండరాల వ్యాయామాలు నేర్చుకోండి. దిగేటప్పుడు చేతికర్ర వాడితే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది. బూట్లు కొత్తవైతే నెల ముందే కొని వాడి చూసుకోండి. కాళ్ల తిమ్మిర్లు ఉన్న షుగర్ రోగులు పియొప్పి గులకరాళ్ల మీద చెప్పుల్లేకుండా నడవొద్దు. ఎండకు రాళ్లు కాలినా తెలియదు. రాత్రి పడుకునే ముందు పాదాలు తప్పకుండా చూసుకోండి.

జులై, ఆగస్టుల్లో ఎండా ఎక్కువే, జనమూ ఎక్కువే. మే, జూన్ మొదట్లో, సెప్టెంబరులో వెళ్లడం మేలు. ఉదయం, సాయంత్రం తిరగండి. మధ్యాహ్నం అక్కడ చాలా దుకాణాలు మూసేస్తారు. మీరూ విశ్రాంతి తీసుకోండి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రలు, డపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్లకు ఎండలో ఒంట్లో నీరు తగ్గి కళ్లు తిరగొచ్చు. నీళ్లు ఎంత తాగాలో, వాంతులు, విరేచనాలైతే ఏ మాత్ర ఆపాలో ముందే అడిగి రాయించుకోండి.

ఇటలీలో రాత్రి భోజనం ఎనిమిది గంటలు దాటాకే. పగలంతా కొండ ఎక్కి, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రో ఇన్సులినో తీసుకుని భోజనం కోసం ఎదురుచూస్తే షుగర్ పడిపోవచ్చు. జేబులో గ్లూకోజ్ పొడి, బిస్కెట్లు ఉండాలి. భోజనం ముందుకొచ్చాకే మందు తీసుకోండి.

వేలియా, పేస్టమ్ మరవొద్దు

పొల్లికాకు దక్షిణాన, అషియా పట్టణం దగ్గర వేలియా శిథిలాలున్నాయి. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో గ్రీకులు కట్టిన ఈ నగరాన్ని అప్పట్లో ఎలియా అనేవారు. తత్వవేత్తలు పార్మెనిడీస్, జీనో ఇక్కడివారే. తవ్వకాల్లో దొరికిన శాసనాల్లో వైద్యుల పేర్లూ ఉన్నాయి. ఇక్కడి ‘పోర్టా రోజా’ రాతి కమాను చూడదగ్గది. ఉత్తరాన పేస్టమ్‌లో మూడు భారీ గ్రీకు ఆలయాలు దాదాపు 2,500 ఏళ్లుగా నిలిచి ఉన్నాయి. అక్కడ నేల చదును. మోకాళ్లు సహకరించని పెద్దలకు అదే అనువైన చోటు. ఆ చుట్టుపక్కల గేదెలను మేపుతారు. వాటి పాలతో చేసే మొజరెల్లా ప్రసిద్ధం. రుచి బాగుంటుంది, కొవ్వు కూడా బాగానే ఉంటుంది.

ఇంటికి ఏం తెచ్చుకోవాలి?

ఒక చేదు నిజం చెప్పాలి. యూరప్‌లో పిల్లల స్థూలకాయం ఎక్కువగా ఉన్న దేశాల్లో ఇటలీ, స్పెయిన్, గ్రీసు ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో హెచ్చరించింది. అక్కడా ఆలివ్ నూనె ఉంది. పిల్లల పళ్లెంలోంచి గింజలు, ఆకుకూరలు తగ్గాయి. చిప్స్, తీపి పానీయాలు వచ్చాయి. నడక పోయింది. మన ఇళ్లలో జరుగుతున్నదీ ఇదే.

కాబట్టి తిరిగొచ్చేటప్పుడు నూనె డబ్బాలు మోసుకురానక్కర్లేదు. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. మిగతా సగంలో అన్నం కాస్త తగ్గించి పప్పు, శనగలు, పెసలు పెంచండి. వేరుశనగ, నువ్వుల నూనెతోనే వండుకోవచ్చు. ఏ నూనైనా కొలిచి వాడాలి. ఇటలీ ఊళ్లలో సాయంత్రం పెద్దా చిన్నా అంతా వీధుల్లో తీరిగ్గా నడుస్తారు. మన ఇళ్లలో ఆ వేళ టీవీది. రేపు సాయంత్రం టీవీ కట్టేసి ఇంటిల్లిపాదీ అరగంట నడిచి రండి. ఇటలీ టికెట్ కొనకపోయినా ఇది చేయొచ్చు.

బ్యాగులో ఉండాల్సినవి

* మందులు, ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి. లగేజీలో వేస్తే పోవచ్చు, ఇన్సులిన్ గడ్డకట్టి పాడవ్వొచ్చు. వారానికి సరిపడా అదనంగా తీసుకెళ్లండి.
* మందుల జనరిక్ పేర్లతో డాక్టరు రాసిన చీటీ, పాత ఈసీజీ కాపీ. బ్రాండు పేరు చెబితే అక్కడ అర్థం కాదు.
* ఇటలీ సమయం వేసవిలో మనకంటే మూడున్నర గంటలు వెనక. ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత తీసుకోవాలో ముందే రాయించుకోండి.
* షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా తప్పనిసరి. ముందునుంచీ ఉన్న జబ్బులకు అది వర్తిస్తుందో లేదో చదివి చూసుకోండి.
* విమానంలో గంటకోసారి లేచి నడవండి, పిక్కలు కదపండి. దిగాక ఒక కాలే వాచి నొప్పి పెడితే వెంటనే డాక్టరుకు చూపించాలి.
* అత్యవసరమైతే యూరప్ అంతటా 112 నంబరు పనిచేస్తుంది. ఛాతీ నొప్పి వస్తే ఎక్కడున్నవాళ్లు అక్కడే కూర్చుని ఆ నంబరుకు ఫోన్ చేయించండి. నడుచుకుంటూ కొండ దిగొద్దు.