కార్ఖానాలో ఫ్లూయిడ్ కూలర్: బిగింపు, వాడకం, జాగ్రత్తలు



హోసూరులో పోతపని కార్ఖానా కానివ్వండి, బళ్ళారి వైపు ఉక్కు కార్ఖానా కానివ్వండి, షోలాపూరులో, రాయగడలో, యానాంలో మరేదైనా షెడ్డు కానివ్వండి, వెనకవైపునో మేడమీదనో ఒక పెద్ద రేకుపెట్టె ఉంటుంది. పైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. లోపల వాన కురుస్తున్నట్టు నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది. మనవాళ్ళు దాన్ని కూలింగ్ టవర్ అనే పిలుస్తారు. వాటిలో కొన్ని నిజానికి ఫ్లూయిడ్ కూలర్లు. ఈ రెండింటికీ తేడా ఉంది. మామూలు టవర్లో యంత్రం నుంచి వచ్చిన వేడి నీళ్ళే గాలిలోకి జల్లుగా పడి చల్లబడతాయి. దుమ్మూ ధూళీ వాటిలో కలుస్తాయి. ఫ్లూయిడ్ కూలర్లో యంత్రానికి వెళ్ళే నీళ్ళు మూసి ఉన్న గొట్టపు చుట్టలో, అంటే కాయిల్లో తిరుగుతాయి. ఆ చుట్ట మీద వేరే నీళ్ళు జల్లుతారు, ఫ్యాను గాలిని లాగుతుంది. లోపలి నీళ్ళు బయటి గాలిని తాకవు.

కొలిమి చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది. ఈ పెట్టెను చూస్తే వెయ్యదు. దీని మీద శ్రద్ధ తగ్గడానికి అదే కారణం. దీనివల్ల చేటు రెండు దారుల్లో వస్తుంది. నీళ్ళ వల్ల నెమ్మదిగా వస్తుంది, ఫ్యాను వల్ల ఒక్క క్షణంలో వస్తుంది. కార్ఖానా నడిపేవారు, అందులో పనిచేసేవారు ఈ రెండింటి గురించీ తెలుసుకోవాలి.

ముందు ఇది ఎలా చల్లబరుస్తుందో చూద్దాం. ఎండాకాలంలో మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? కుండకు చెమర్చిన నీరు ఆవిరైపోతూ వేడిని తనతో పట్టుకుపోతుంది. ఫ్లూయిడ్ కూలర్ చేసేదీ ఇదే. అయితే కుండకు ఒక లక్షణం ఉంది. బళ్ళారి పొడిగాలిలో అది బాగా చల్లబరుస్తుంది, సముద్రం దగ్గర ఉక్కపోత రోజున అంతగా చల్లబరచదు. యంత్రమూ అంతే. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగిలేలా పెడితే ఒక అంకె వస్తుంది. దాన్ని తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. 40 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 25 శాతమే ఉంటే తడి బల్బు 24 దగ్గర ఉంటుంది. 34 డిగ్రీలే ఉన్నా తేమ 65 శాతం ఉంటే అది 28 దాటుతుంది. నీళ్ళు జల్లే కూలర్ ఏదీ తడి బల్బు కంటే కిందికి చల్లబరచలేదు. సాధారణంగా దానికి నాలుగైదు డిగ్రీలు పైనే ఆగుతుంది. కాబట్టి బళ్ళారిలో చక్కగా పనిచేసిన కూలర్‌ను చూసి, అదే సైజు యానాంకు తెప్పించుకుంటే వానాకాలం ముందు ఉక్కపోత రోజుల్లో చాలకపోవచ్చు. కొనేటప్పుడు మీ ఊరి తడి బల్బు చెప్పి కొనండి. సరకు అమ్మేవాడు ఆ మాట అడగకపోతే మీరే అడగండి.

ఇక స్థలం. పెట్టెను మూలకు నెట్టి, మూడు వైపులా గోడలు పెడితే అది వదిలిన తేమగాలినే మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది. అంటే ఉక్కపోతను మీరే తయారుచేసి దానికి ఇచ్చినట్టు. తయారీదారు డ్రాయింగులో గాలి ప్రవేశానికి ఇంత ఖాళీ అని చూపిస్తాడు. స్థలం లేదని దాన్ని తగ్గించకండి. క్యాంటీను పొగగొట్టానికీ, ఆఫీసు కిటికీలకీ, ఏసీలు గాలి పీల్చే చోటుకీ దూరంగా పెట్టండి. దీని నుంచి వచ్చే తుంపర మనుషులు పీల్చకూడదు. ఎందుకో కాసేపట్లో చెబుతాను. మేడమీద పెట్టేవారు బరువు చూసుకోవాలి. ఖాళీ పెట్టె బరువు వేరు, నీళ్ళు నిండిన పెట్టె బరువు వేరు. వెయ్యి లీటర్లంటే ఒక టన్ను. స్లాబు ఆ మోత మోస్తుందో లేదో ఇంజనీరు చూసి చెప్పాలి. మేస్త్రీ తలూపితే సరిపోదు.

గొట్టాలు కలిపాక వెల్డింగు తుక్కు కాయిల్లోకి పోకుండా, ముందు కూలర్‌ను పక్కన పెట్టి లైను కడగాలి. ఒత్తిడి పరీక్ష నీళ్ళతో చేయాలి. కంప్రెసరు గాలితో చేయకండి. నీటితో చేస్తే జాయింటు ఊడినప్పుడు కాస్త చిమ్మి ఆగిపోతుంది. గాలితో చేస్తే ముక్కలు తూటాల్లా లేస్తాయి. మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్తులు ఉండాలి. మూడు ఫేజుల్లో రెండు తారుమారైతే ఫ్యాను వెనక్కి తిరుగుతుంది. అప్పుడూ గాలి వస్తూనే ఉన్నట్టు అనిపిస్తుంది గానీ చల్లదనం ఉండదు. కొత్తగా కనెక్షన్ ఇచ్చినప్పుడు, మోటారు రిపేరు చేయించినప్పుడు ఒక్క క్షణం ఆన్ చేసి ఆపి, బాణం గుర్తు వైపే తిరుగుతోందో లేదో చూడండి. జింకు పూత ఉన్న కొత్త కాయిల్ అయితే మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు జల్లు నీళ్ళ పీ.హెచ్. 7, 8 మధ్య ఉంచాలి. లేకపోతే తెల్లటి తుప్పు పట్టి పూత పాడవుతుంది.

ఇండక్షన్ కొలిమి ఉన్నవారికి ఒక ప్రత్యేక మాట. కొలిమి చుట్టూ ఉన్న రాగి కాయిల్లో నీళ్ళు తిరుగుతూ ఉంటాయి, అవతలి పక్క కరిగిన లోహం. మధ్యలో ఉన్నది నాలుగు వేళ్ళ మందం లైనింగు. కరెంటు పోతే కొలిమి ఆగుతుంది గానీ లోహం చల్లబడదు. నీళ్ళు కూడా ఆగితే కాయిల్ కాలి కారుతుంది. నీరు లోహం కిందికి చేరి ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు విస్తరిస్తుంది. ఆ పేలుడు షెడ్డు పైకప్పు లేపేస్తుంది. అందుకని ఎత్తు మీద ఒక ట్యాంకు పెట్టి, పంపు లేకపోయినా దానంతట అదే కాయిల్లోకి నీళ్ళు దిగేలా ఏర్పాటు ఉండాలి, లేదా వెంటనే అందుకునే డీజిల్ పంపు ఉండాలి. రెండూ ఉంటే మరీ మంచిది. వారానికి ఒకసారి మెయిను ఆపి, నీళ్ళు నిజంగా దిగుతున్నాయో లేదో కొలిమి ఖాళీగా ఉన్నప్పుడే చూసుకోండి. పని ముగించేటప్పుడు ముందు కూలర్ ఫ్యాను ఆపండి, తర్వాత జల్లు పంపు. కాయిల్ పంపు మాత్రం లైనింగు చల్లారేదాకా నడవాలి. అందుకు గంటలు పట్టవచ్చు. అలాగని మరీ చల్లని నీళ్ళు కూడా మంచివి కావు. తేమ ఉన్న రోజున ప్యానెల్లోని గొట్టాలకు చెమటపడుతుంది. కరెంటు ఉన్న చోట ఆ చెమట ప్రమాదం.

ఇప్పుడు నీళ్ళ సంగతి. మన సరిహద్దు జిల్లాల్లో ఎక్కువ చోట్ల బోరు నీళ్ళే గతి. అందులో ఉప్పులు ఉంటాయి, సున్నం ఉంటుంది. కూలర్లో ఆవిరయ్యేది నీరు ఒక్కటే. ఉప్పులు సంపులోనే మిగిలిపోతాయి. లెక్క చూడండి. 100 కిలోవాట్ల వేడి తీసేసే కూలర్ గంటకు సుమారు 150 లీటర్లు ఆవిరి చేస్తుంది. పది గంటలు నడిస్తే 1,500 లీటర్లు. మీ బోరు నీళ్ళలో లీటరుకు 600 మిల్లీగ్రాముల లవణాలు ఉన్నాయనుకుంటే రోజుకు 900 గ్రాములు మిగులుతాయి. నెలకు పాతిక రోజులు నడిస్తే 22 కిలోలు పైమాటే. ఆ సున్నమంతా ఎక్కడికి పోతుంది? కాయిల్ మీద గారలా పేరుకుంటుంది. ఆ పొర వేడిని దాటనివ్వదు. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, బిల్లు వస్తూనే ఉంటుంది, యంత్రం మాత్రం వేడెక్కి ఆగిపోతుంది.

అందుకే సంపు నుంచి కొద్దికొద్దిగా నీళ్ళు వదిలేస్తూ ఉండాలి. ఆ చిన్న వాల్వును బ్లీడ్ వాల్వు అంటారు. లవణాలు మూడు రెట్లకు మించకూడదని పెట్టుకుంటే, పైన చెప్పిన కూలర్‌కు గంటకు 75 లీటర్లు వదలాలి. ఇక్కడే చాలామందికి చెయ్యి రాదు. బోరు ఎండుతోంది, ట్యాంకరు నీళ్ళు కొంటున్నాం, పారబోయమంటారేమిటి అంటారు. బాధ అర్థమవుతుంది. ఎండాకాలం రాగానే ఆ వాల్వును బిగించేసి తాడుతో కట్టేసినవాళ్ళు కూడా ఉన్నారు. కానీ నీటి పొదుపు అక్కడ కాదు చేయవలసింది. వదిలిన నీళ్ళను ఒక తొట్టిలో పట్టి మరుగుదొడ్లకు వాడండి, ఆవరణలో దుమ్ము లేవకుండా చల్లించండి. మందు కలిపిన నీళ్ళు కనుక పశువులకు పెట్టకండి, కూరపాదులకు పోయకండి. వానకాలంలో షెడ్డు రేకుల మీద పడే నీళ్ళను పట్టి కూలర్‌కు వాడితే ఇంకా లాభం, వాన నీళ్ళలో లవణాలు చాలా తక్కువ. జేబులో పట్టే టీ.డీ.ఎస్. మీటరు ఒకటి కొని, బోరు నీళ్ళదీ సంపు నీళ్ళదీ రోజూ ఒక పుస్తకంలో రాయించండి. రెండో అంకె మొదటిదానికి మూడు రెట్లు దాటితే వాల్వు ఇంకాస్త తెరవాలి. ఫ్యాక్టరీలో రాసే పుస్తకాలు చాలావరకు ఇన్‌స్పెక్టరు కోసమే అన్నట్టు ఉంటాయి. ఇది మాత్రం మీ డబ్బు కోసం.

సంపు నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, పాచి పడుతుంది. అందులో లెజియొనెల్లా అనే సూక్ష్మక్రిమి పెరుగుతుంది. 20 నుంచి 45 డిగ్రీల నీళ్ళంటే దానికి ఇష్టం. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సభకు వచ్చినవారికి అంతుచిక్కని న్యుమోనియా సోకి, ప్రాణాలు పోయాయి. మరుసటి సంవత్సరం ఆ క్రిమిని కనిపెట్టారు. 2015లో న్యూయార్క్ నగరం బ్రాంక్స్ ప్రాంతంలో ఒకే కూలింగ్ టవర్ తుంపర వల్ల వంద మందికి పైగా జబ్బుపడ్డారు. ఇది సాధారణంగా మనిషి నుంచి మనిషికి అంటదు, తుంపరను పీల్చితే వస్తుంది. అందుకే తుంపరను ఆపే పలకలు విరిగితే వెంటనే మార్చండి, క్లోరిన్ మందు క్రమంగా వేయండి, సంపు బురద తీసేవారికి మంచి మాస్కు ఇవ్వండి. ఆ పని చేసిన మనిషికి కొద్దిరోజుల్లో జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే ఏం పనిచేశాడో డాక్టరుకు చెప్పాలి. ఆ ఒక్క మాటతో వైద్యం మారిపోవచ్చు. క్లోరిన్ మందుకు, గార తీసే ఆసిడ్‌కు ఒకే డబ్బా, ఒకే మగ్గు వాడకండి. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

చివరగా ఫ్యాను. తిరిగే యంత్రానికి కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. జాలీ లేని ఫ్యాను అరుదు. ప్రమాదం జాలీ తీసి లోపలికి దిగినప్పుడే. మన దగ్గర అది ఎక్కువగా ఎప్పుడు దిగుతారు? కరెంటు పోయినప్పుడు. ఎలాగూ ఆగింది కదా, ఈలోగా కాస్త కడిగేద్దాం అనుకుంటారు. పది నిమిషాల్లో కరెంటు వస్తుంది, స్టార్టరు ఆటోలో ఉంటుంది, ఫ్యాను తనంతట తాను లేస్తుంది. లోపల మనిషి ఉన్నాడని దానికి తెలియదు. కరెంటు ఉన్నప్పుడు కూడా ఆగి ఉన్న ఫ్యానును నమ్మడానికి లేదు. నీళ్ళు చల్లబడితే థర్మోస్టాట్ దాన్ని ఆపుతుంది, వేడెక్కితే లేపుతుంది. స్విచ్చి ఆపేసినా ఎదురుగాలికి రెక్కలు తిరుగుతాయి.

కాబట్టి పద్ధతి ఇది. కూలర్ పక్కనే ఐసోలేటర్ స్విచ్చి ఉండాలి. దాన్ని ఆపి, తాళం వేయాలి. తాళంచెవి లోపలికి దిగే మనిషి జేబులోనే ఉండాలి. సూపర్‌వైజరు దగ్గర కాదు, గుమాస్తా బల్ల మీద కాదు. ఇద్దరు దిగితే రెండు తాళాలు. తర్వాత స్టార్టరు నొక్కి, లేవడం లేదని చూడాలి. రెక్కకు తాడు కట్టాలి. బయట ఒక మనిషి నిలబడాలి.

బోర్డు సంగతి కూడా చెప్పాలి. హోసూరులో బోర్డు తమిళంలో ఉంటుంది, బళ్ళారిలో కన్నడంలో, రాయగడలో ఒడియాలో, షోలాపూరులో మరాఠీలో. మన కుర్రాళ్ళు అవి మాట్లాడతారు గానీ చాలామందికి చదవడం రాదు. పక్కన పనిచేసే హెల్పరు బీహారు నుంచో బెంగాలు నుంచో వచ్చి ఉంటాడు, అతనికి తెలుగూ రాదు. ఏ భాషలో రాసినా ఒకరికి అందదు. అందుకే బోర్డు మీద ఎర్రరంగులో చెయ్యి అడ్డంపెట్టిన బొమ్మ వేయించి, దాని కింద లోపలికి దిగిన మనిషి ఫోటో తగిలించండి. ఆ ముఖం రోజూ కలిసి టీ తాగే మనిషిది. షిఫ్టు మారినప్పుడు తాళం ఇంకా ఉంటే, ఆ మనిషి బయటికి వచ్చి తన చేత్తో తీసేదాకా కోసేయకూడదు, ఉత్పత్తి ఆగినా సరే. ఈ మాట యజమాని నోటితో అందరి ముందూ ఒకసారి చెప్పాలి. కింది మనిషి చెబితే రెండో షిఫ్టు వినదు.