చల్లటి గోదాముకు తేమే అసలు శత్రువు

రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం పెద్దాపురంలో డాబా మీద చెప్పుల్లేకుండా కాలు మోపలేం. గాలి 40 డిగ్రీలున్నా, ఎండ తగిలే శ్లాబు 60 దాకా కాగుతుంది. ఆ కప్పు కింద వైన్ నిల్వ చేయాలంటే లోపల 12 నుంచి 15 డిగ్రీలు, ఏడాది పొడుగునా నిలకడగా ఉండాలి. వేడెక్కిన వైన్ తొందరగా ముదిరి రుచి చెడుతుంది. వేడి పెరిగి తరుగుతూ ఉంటే ద్రవం ఉబ్బి బిరడాను పైకి తోస్తుంది.

పెద్దాపురం చుట్టుపక్కల పండేది ద్రాక్ష కాదు, కర్రపెండలం, మామిడి. కానీ పళ్లు దాచినా, విత్తనం దాచినా, వైన్ దాచినా చల్లని గది కట్టే లెక్క ఒకటే.

ఫ్రాన్స్‌లో షాంపేన్ ప్రాంతం వాళ్లు సుద్దరాతి నేలలో సొరంగాలు తవ్వి సీసాలు పేరుస్తారు. అక్కడ యంత్రం లేకుండానే 10, 12 డిగ్రీలు ఉంటుంది. కొన్ని మీటర్ల లోతున నేల ఆ ఊరి ఏడాది సగటు ఉష్ణోగ్రత దగ్గర నిలిచిపోతుంది మరి. మన కోస్తాలో ఆ సగటు 28 దగ్గర ఉంటుంది. ఎంత తవ్వినా అంతకంటే చల్లన దొరకదు. మనకు శీతల యంత్రం తప్పదు. దాని కరెంటు బిల్లు ఎంతన్నది గోడా, కప్పూ తేలుస్తాయి.

బయట 40, లోపల 13 డిగ్రీలు అనుకుందాం. ఉత్త తొమ్మిదంగుళాల ఇటుక గోడ అయితే చదరపు మీటరుకు సుమారు 60 వాట్ల వేడి లోపలికి వస్తుంది. దానికి 10 సెంటీమీటర్ల పఫ్ (పాలియురేథేన్ నురుగు) ప్యానెల్ తోడైతే 6 వాట్లకు పడిపోతుంది. థర్మాకోల్ అయితే అదే ఫలితానికి 15 సెంటీమీటర్లు కావాలి. డబ్బు తక్కువైతే ముందు కప్పు సంగతి చూడాలి, ఎండంతా పడేది దాని మీదే. పైన తెల్లగా సున్నం కొట్టడం కూడా చిన్న పనేం కాదు. ఇలా ఎండను తిప్పికొట్టే కప్పుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కోస్తాలో అసలు చిక్కు తేమ. 35 డిగ్రీల గాలిలో 60 శాతం తేమ ఉంటే, 26 డిగ్రీలకు చల్లబడిన ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది. మన గది గోడలో ఆ 26 వచ్చేది థర్మాకోల్ మందం మధ్యలో! బయటి ఆవిరి అక్కడికి చేరితే అక్కడే నీరవుతుంది. నీరు థర్మాకోల్ కంటే 17 రెట్లు సులువుగా వేడిని దాటనిస్తుంది. పైకి గోడ బాగానే కనిపిస్తుంది, కరెంటు మీటరు మాత్రం వేగం పెంచుతుంది.

అందుకే ఆవిరిని ఆపే పొర, తారు గానీ మందపాటి పాలిథిన్ గానీ, వెచ్చని వైపు ఉండాలి. మనకు అది బయటి వైపు. చలిదేశాల్లో ఇళ్లకు ఆ పొర లోపలి వైపు వేస్తారు. ఆ ప్లాన్లు యథాతథంగా దించుకుంటే మన దగ్గర గోడ తడిని లోపల దాచుకుంటుంది.

పొర ఎక్కడా తెగకూడదు. పైపు, కరెంటు వైరు గోడ దాటే చోట, ప్యానెళ్లు కలిసే చోట సీలెంట్ నింపాలి. గది నడిచాక ఆ అతుకుల దగ్గర వేలు పెట్టి చూస్తే, చెమ్మ తగిలిన చోటల్లా ఆవిరికి దారి దొరికినట్టే. దాన్ని బయటి వైపునుంచే మూయాలి.