ఏడు గ్రుచ్చిన హారము

క్రీ.శ. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్ష నృపతుంగుని కాలమున మహావీరాచార్యుడను జైన గణితజ్ఞుడుండెను. తన ‘గణితసారసంగ్రహము’లో గుణకారము నేర్పుచు ఆయన ఒక వింత లెక్క నిచ్చినాడు. 142857143 అను సంఖ్యను 7 చేత గుణించిన లబ్ధము 1000000001. ఇరు కొనల ఒకట్లు, నడుమ ఎనిమిది సున్నలు. ఎటునుండి చదివినను ఒక్కటే. దీనిని ఆయన రాజులు ధరింపదగిన కంఠహారముతో పోల్చినాడు.

అమోఘవర్షుని రాజధాని మాన్యఖేటము, అనగా నేటి మల్ఖేడు, ఉమ్మడి పాలమూరు జిల్లాకు పడమటి పొరుగే. 1956 వరకు కొడంగల్ తాలూకాయు, మల్ఖేడును గుల్బర్గా జిల్లాలోనే యుండినవి. జడ్చర్ల చేరువనున్న గొల్లత్తగుడిని, పూర్వపు నల్లగొండ జిల్లాలోని కొలనుపాక జైనక్షేత్రమును చూచినవారికి ఈ ఆచార్యుడు పరాయివాడుగా తోచడు.

ఇట్టి లెక్కను తరగతిలో చూపినచో పిల్లలు ఆశ్చర్యపోవుదురు. అంతటితో బోర్డు తుడిచివేయు ఉపాధ్యాయులు పెక్కురు. అది న్యాయము కాదని నా అభిప్రాయము. కారణము చెప్పని లెక్కకును గారడికిని భేదమేమి?

కారణము కష్టమైనది కాదు. ఆ సంఖ్యను 142857 అనియు, 143 అనియు రెండుగా విడదీయుడు. మొదటిదానిని ఏడింతలు చేసిన 999999. రెండవదానిని ఏడింతలు చేసిన 1001. మొదటిది వేల స్థానమున నున్నది గనుక 999999000 అగును. దానికి 1001 చేర్చినంతనే హారము పూర్తియగును.

అసలు విచిత్రము 142857లో నున్నది. దానిని రెట్టింపు చేసిన 285714, మూడింతలు చేసిన 428571. అవే అంకెలు, అదే వరుస. మొదలు మాత్రము మారినది. ఆరింతల వరకు ఇంతే. ఒకటిని 7 చేత భాగించి చూడుడు. ప్రతిసారి సున్న దించుకొనగా మిగులు శేషములు 3, 2, 6, 4, 5, 1. ఏడుకన్న చిన్నవైన శేషము లారే. ఆరును వచ్చి, మరల ఒకటి దగ్గరకే చేరినవి. శేషము 3 అయిన చోట నిలిచినవాడు మూడింట ఏడవ వంతుల భాగహారమును మొదలుపెట్టినవాడే. అందుచేతనే అంకెలు చక్రమువలె తిరుగును.

మహావీరుని గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములుగా రచించెను. ఆయన పదకొండవ శతాబ్ది వాడని పలువురందురు. అయినను నిజాం రాష్ట్రమున ఉన్నత పాఠశాలల బోధనాభాష ఉర్దూ. నల్లగొండ, పాలమూరుల బాలుడు ఇంట తెలుగున లెక్కించి, బడిలో వేరు మాటలతో గుణించెను. శాస్త్రములను ఉర్దూలోనికి తెచ్చుటకు హైదరాబాదున 1917లో వెలసిన అనువాద విభాగము చేసిన కృషి గొప్పదే. దానిని తక్కువ చేయరాదు. కాని గుణకార భాగహారములు తన భాషలో ఏనాడో పద్యములైనవని ఆ బాలునికి చెప్పినవారెందరు?

ఇక విద్యార్థులకు ఒక మాట. 1001 కేవలము ఏడింటి సొత్తు కాదు. అది 7, 11, 13ల లబ్ధము. 999999ను 13 చేత భాగించిన 76923. 1001ని భాగించిన 77. రెండవదానిని 077 అని మూడు స్థానములుగా వ్రాసి చేర్చిన 76923077. దీనిని 13 చేత గుణించినను అదే హారము వచ్చును. 11కు తగిన సంఖ్య యేదో మీరే కనుగొనుడు.