పగలు వడగాడ్పు... పొద్దువాలితే పిడుగు

‘రేపు పగటి ఉష్ణోగ్రతలు 42 నుంచి 44 డిగ్రీల వరకు నమోదయ్యే అవకాశం ఉంది. కొన్నిచోట్ల ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులతో కూడిన వర్షాలు పడొచ్చు.’ ఏప్రిల్, మే నెలల్లో టీవీ పెడితే రోజూ వినిపించే మాటలివి. టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు నవ్వుతారు: ‘ఇంతకీ గొడుగు ఎండకా, వానకా?’

రెంటికీ! వాతావరణశాఖ గోడ మీద పిల్లిలా మాట్లాడుతోందనుకుంటాం కానీ, తెలుగునాట వేసవి స్వభావమే అది. పగలు మాడ్చే ఎండే సాయంత్రానికి మబ్బును వండుతుంది. పొద్దున్నుంచి పొయ్యి మీద పెట్టిన ఎసరు సాయంత్రం పొంగినట్టు. ఆ రెంటికీ బలయ్యేది కూడా చాలావరకు ఒకే మనిషి. పొలంలో కూలికి వెళ్లినవాళ్లు, గొర్రెలు తోలుకెళ్లిన కాపరి, రోడ్డు పని చేసేవాళ్లు, కల్లంలో ధాన్యానికి కాపలా ఉన్న రైతు... మధ్యాహ్నం వడదెబ్బను తప్పించుకుంటే, సాయంత్రం చెట్టుకింద పిడుగు కాచుకుని ఉంటుంది.

కార్తెలు చెప్పిన లెక్క

వాతావరణ బులెటిన్లు లేని రోజుల్లో మనవాళ్లకు కార్తెలే పంచాంగం. భరణిలో ఎండ ముదురుతుంది. కృత్తికలో కర్తరి ఎండలు. రోహిణిలో రోళ్లు పగులుతాయి. జూన్ రెండో వారంలో మృగశిర వస్తే ఇంటింటా చేపల కూర, నేల మీద తొలకరి. ఒక్కో కార్తె సుమారు 13 రోజులు. తరాల తరబడి ఆకాశాన్ని చూసి కట్టిన ఈ లెక్క సగటుకు సరిపోతుంది. ఏ ఏడాదికాయేడాది సరిపోవాలని లేదు.

2015 రోహిణిని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ మే నెల చివరి పది రోజుల్లో వీచిన వడగాడ్పులకు దేశంలో రెండు వేలకు పైగా ప్రాణాలు పోయాయి. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. పదేళ్లు తిరిగేసరికి 2025లో అదే రోహిణి మరోలా వచ్చింది. నైరుతి రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. మామూలుగా రావాల్సింది జూన్ 1న. 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే మొదలు. రోహిణి అడుగుపెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే తెలుగు రాష్ట్రాల గడపా తొక్కాయి. రోళ్లు పగలాల్సిన రోజుల్లో గొడుగులు విప్పాం.

ఒకే ఏడాదిలో రెండు ముఖాలూ చూడాలంటే 2024 చాలు. మే మొదటి వారంలో తెలంగాణలో పలుచోట్ల 46 డిగ్రీలు దాటింది. అదే వారం, మే 7 సాయంత్రం, హైదరాబాద్‌లో కుండపోత. బాచుపల్లిలో గోడ కూలి వలస కార్మికుల కుటుంబాలకు చెందిన ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. మే 26న ఈదురుగాలులకు తెలంగాణలో మరో పదిమందికి పైగా బలయ్యారు.

మబ్బు ఎక్కడ పుడుతుంది?

వేసవిలో మన నెత్తిన రెండు గాలులు కలుస్తాయి. ఒకటి రాజస్థాన్, మధ్యప్రదేశ్, విదర్భల మీదుగా వచ్చే వాయవ్య గాలి. పొడిది, వేడిది. రెండోది బంగాళాఖాతం నుంచి వచ్చే ఆగ్నేయ గాలి. తేమ నిండినది. ఈ రెండూ తారసపడే చోట విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమ, కర్ణాటకల మీదుగా తమిళనాడు దాకా ఒక గీతలాంటిది ఏర్పడుతుంది. బులెటిన్‌లో రోజూ వినిపించే ‘ద్రోణి’ అదే.

ద్రోణి ఒక్కటీ ఉంటే చాలదు. కింద నేల సెగలు కక్కాలి. పొద్దున్నుంచి కాగిన గాలి తేమను మోసుకుని పైకి లేస్తుంది. మధ్యాహ్నం మూడింటికి గోపురంలా కనిపించిన మబ్బు ఐదింటికల్లా పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు ఎదిగి, పైభాగం కమ్మరి దాగలిలా పరుచుకుంటుంది. ఇదే క్యుములోనింబస్ మేఘం. దాని లోపల నీటిబొట్లు, మంచు పలుకులు కిందా మీదా పడుతూ ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడిలోనే విద్యుదావేశం. పైకి ఎగదన్నే గాలి బలంగా ఉంటే మంచు పలుకు మళ్లీ మళ్లీ పైకి లేచి, పొర మీద పొర కట్టుకుని వడగల్లు అవుతుంది. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి వీధులు కశ్మీర్‌ను తలపించింది అందుకే.

చివరికి వాన మొదలవుతుంది. పడుతూ పడుతూ కొంత దారిలోనే ఆవిరవుతుంది. దాంతో చుట్టూ ఉన్న గాలి చల్లబడి, బరువెక్కి, ఒక్కసారిగా నేలకు దూకి నాలుగు వైపులా చిమ్ముతుంది. వాన కంటే ముందు మట్టివాసన మోసుకొచ్చే ఈదురుగాలి అదే. రేకుల కప్పులను లేపేదీ, అరటి తోటలను పడగొట్టేదీ అదే.

ఇలాంటి మబ్బు వెడల్పు పది, ఇరవై కిలోమీటర్లు. ఆయుష్షు గంట, గంటన్నర. అందుకే ‘రేపు ఫలానా జిల్లాలో కొన్నిచోట్ల’ అని చెప్పగలరు కానీ, మీ ఊళ్లో ఎన్నింటికో ముందురోజు చెప్పలేరు. పక్క ఊళ్లో చెరువు నిండి, మన ఊళ్లో చినుకు రాలకపోతే అంచనా తప్పినట్టు కాదు.

44 డిగ్రీలు ఎవరికి?

మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, సాధారణం కన్నా నాలుగున్నర డిగ్రీలు పెరిగితే వడగాడ్పు. ఆరున్నర డిగ్రీలు, అంతకు మించి పెరిగితే తీవ్ర వడగాడ్పు. 45కు చేరితే సాధారణంతో పని లేదు, వడగాడ్పే. 47కు చేరితే తీవ్రమైనది. కోస్తాలో మాత్రం 37 దగ్గర నుంచే లెక్క మొదలవుతుంది. కారణం తేమ.

మన ఒంటిని చల్లబరిచేది చెమట కాదు, చెమట ఆరడం. రామగుండంలో, రెంటచింతలలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది. ఒంట్లో నీళ్లు తరిగిపోతున్న సంగతి తెలిసేలోపే కళ్లు తిరుగుతాయి. విజయవాడలో, కాకినాడలో చెమట కారుతుంది కానీ ఆరదు. కోస్తాలోని 37, పొడి ఊళ్లలోని 42 కంటే కష్టంగా తోచేది అందుకే. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే కోస్తా ఊపిరి పీల్చుకుంటుంది. పడమటి గాలి బలంగా వీచి దాన్ని అడ్డుకున్న రోజున బందరు, ఒంగోలు, నెల్లూరు లాంటి కడలి చెంత ఊళ్లు కూడా కొలిమిలవుతాయి.

ఇంకో మెలిక ఉంది. టీవీలో చెప్పే 44 డిగ్రీలు నీడలో కొలిచినవి. గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల పైన ఉంచిన థర్మామీటరు చెప్పే లెక్క అది. తారు పోస్తున్న రోడ్డు మీదో, ఉపాధి హామీ గుంతలోనో నిలబడ్డ మనిషికి పెట్టె లేదు, నీడ లేదు. అతడి 44 వేరు. రాత్రి చల్లబడితే ఆ ఒళ్లు కోలుకుంటుంది. రేకుల ఇంట్లో, కాంక్రీటు స్లాబు కింద అదీ ఉండదు. వరసగా మూడు నాలుగు రాత్రులు నిద్రలేకపోతే ఐదో రోజు ఎండ ప్రాణం మీదకు తెస్తుంది.

వడదెబ్బకు గుర్తులు తెలిసి ఉండాలి. ఒళ్లు కాలిపోవడం, మాట తడబడటం, మనిషిని గుర్తుపట్టకపోవడం, స్పృహ తప్పడం. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు చల్లి గాలి విసరాలి. 108కి ఫోన్ చేయాలి. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. అంబలి, మజ్జిగ, ఉప్పు కలిపిన నిమ్మనీళ్లు, ఓఆర్‌ఎస్ ఇవన్నీ అంతదాకా రాకుండా కాపాడేవి. చలివేంద్రం కుండ పుణ్యానికే కాదు, వైద్యానికీ పెట్టినదే.

ఎండ కావాలి, వాన వద్దు!

ఎండను అందరూ తిడతారు కానీ, ఏప్రిల్‌లో రైతు దాని కోసమే చూస్తాడు. యాసంగి వరి కోసి, ధాన్యం కొనుగోలు కేంద్రానికి తెస్తే తేమ 17 శాతం మించకూడదు. మించితే మళ్లీ ఆరబోయాల్సిందే. నాలుగు రోజులు కాళ్లతో తిరగేసి ఆరబెట్టిన రాశి మీద ఐదో రోజు సాయంత్రం అరగంట వాన కురిస్తే లెక్క మొదటికి వస్తుంది. పరదా కప్పినా కింద నుంచి నీళ్లు పారతాయి. గింజ మొలకెత్తుతుంది, రంగు మారుతుంది, ధర జారుతుంది. 2023 ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ కల్లాల్లో కనిపించిన దృశ్యమిదే. పల్నాడు మిర్చి కల్లాలదీ, నూజివీడు, కొల్లాపూర్, జగిత్యాల మామిడి తోటలదీ ఇదే బాధ. రాలిన కాయకు మార్కెట్లో ‘రాలుడు’ ధర. కాయ మీద వడగల్లు చేసిన మచ్చకు మాత్రం ఏ మందూ లేదు.

అర్జునా, ఫల్గుణా...

ఉరిమితే అర్జునుడి పేర్లు తలచుకోవడం మనకు నాయనమ్మలు నేర్పిన అలవాటు. ఆ తలపు గుండెకు ధైర్యం. ప్రాణానికి ధైర్యం మాత్రం పక్కా కప్పు కిందే.

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో కేవలం 13 గంటల్లో 36,749 పిడుగులు పడినట్టు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ లెక్క చెప్పింది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో ప్రకృతి వైపరీత్యాలకు 8,060 మంది చనిపోతే, వారిలో 2,887 మందిని పొట్టన పెట్టుకున్నది పిడుగే. వరద కంటే, తుపాను కంటే ఎక్కువ. ఒకచోట ఒకరు, మరోచోట ఇద్దరు అన్నట్టు చనిపోతారు కాబట్టి పత్రికల్లో జిల్లా పేజీ దాటదు.

పిడుగు నేరుగా మనిషి మీదే పడనక్కర్లేదు. చెట్టు మీద పడి, పక్కనున్న ఒంటిలోకి దూకుతుంది. నేలలోకి దిగి, అన్ని వైపులా పాకుతుంది. కాళ్లు ఎడంగా ఉంటే ఒక కాలి నుంచి ఎక్కి, మరో కాలి నుంచి దిగుతుంది. పశువుల ముందు, వెనక కాళ్ల మధ్య దూరం ఎక్కువ, మధ్యలో గుండె. ఒకే చెట్టుకింద గొర్రెల మంద మొత్తం కూలిపోయేది అందుకే. చెట్టుకింద నిలబడటం తడవకుండా ఉండటానికి పనికొస్తుంది కానీ బతకడానికి కాదు. పిడుగుపాటుకు గురైన మనిషిని తాకితే షాక్ కొడుతుందన్నది అపోహ. ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. గుండె ఆగితే వెంటనే సీపీఆర్ చేస్తే బతికే అవకాశం ఉంది. ముట్టుకోవడానికి భయపడి నిలబడిపోయిన ఆ నాలుగు నిమిషాలే చాలాసార్లు ప్రాణం తీస్తాయి.

హెచ్చరిక వస్తోంది... పని ఆగడం లేదు

2015తో పోలిస్తే ఇప్పుడు సమాచారానికి కొరత లేదు. వేసవికి ముందే వాతావరణశాఖ సీజన్ అంచనా ఇస్తుంది. ప్రతి గురువారం రాబోయే వారాల అంచనా, రోజూ జిల్లాలవారీ బులెటిన్, మబ్బు కమ్మితే మూడు గంటల ముందస్తు హెచ్చరిక. ఆకుపచ్చ అంటే భయం లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధం కండి, ఎరుపు అంటే కదలండి. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖల్లో డాప్లర్ రాడార్లు మబ్బు పెరుగుదలను చూస్తుంటాయి. పుణె ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తెచ్చిన ‘దామిని’ యాప్ మనమున్న చోటికి 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల సంగతి చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో మండలాల పేర్లతో సహా ఫోన్లకు సందేశాలు వస్తున్నాయి.

మరి లోటెక్కడ? నాట్లు వేసే చేతిలో ఫోన్ ఉండదు. గట్టు మీద, చెట్టుకు తగిలించిన సద్దిసంచిలో ఉంటుంది. సందేశం చూసినా, సగం రోజు పని వదిలి ఇంటికి వెళ్తే సగం కూలి పోతుంది. వడదెబ్బకు, పిడుగుకు ఇక్కడే పోలిక. రెండింటి హెచ్చరికా ‘బయటకు వెళ్లకండి’ అంటుంది. బయటకు వెళ్తేనే పొయ్యి వెలిగేవాళ్లకు ఆ మాట సగమే చెప్పినట్టు.

2025 నాటికి వడగాడ్పు, పిడుగు జాతీయ విపత్తుల జాబితాలో లేవు. వడగండ్ల వానకు చోటుండేది, అదే మబ్బు నుంచి పడే పిడుగుకు ఉండేది కాదు! రాష్ట్రాలు తమ విపత్తు నిధిలో పది శాతం దాకా ఇలాంటివాటికి వాడుకోవచ్చు. తెలంగాణ 2025లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు పరిహారాన్ని నాలుగు లక్షలకు పెంచింది. మంచిదే. కానీ పరిహారం పోయిన ప్రాణానికి. ఉన్న ప్రాణానికి కావాల్సింది పని వేళల మార్పు, దానివల్ల కోత పడని కూలి.

కాబట్టి ఈ వేసవిలో ఒక్క మనవి. పొలానికైనా, ఇంటి పనికైనా, రోడ్డు పనికైనా మనుషుల్ని పిలిచేవాళ్లు బులెటిన్ చూసి పిలవండి. నారింజ రంగుంటే తెల్లారుజామున మొదలుపెట్టి పదకొండింటికి ఆపేయండి, కూలి మాత్రం పూర్తిగా ఇవ్వండి. సాయంత్రం మబ్బు కమ్మితే మేస్త్రీయే ముందు పార కింద పెట్టాలి. ఉరుము వినబడిందంటే పిడుగు అందే దూరంలోనే ఉన్నామని అర్థం. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి, అప్పుడే బయటకు రండి.