పదకొండు నెలల కాగితంలో తుఫాను లేదు

ఒడిశాలోని బరంపురంలో అద్దె ఇల్లు వెతుక్కోవడం మీద రాయమన్నారు సంపాదకులు. శుక్రవారం లోగా కావాలట. ఆస్కా రోడ్డులో, గాంధీనగర్‌లో, అంబపువా వైపు టు-లెట్ బోర్డులు చూస్తూ తిరిగాను. అసలు సరుకు మాత్రం ఓ తెలుగు కుటుంబం బీరువాలోంచి తీసి చూపించిన అద్దె ఒప్పందంలో దొరికింది.

స్టాంపు కాగితం మీద టైపు చేసిన ఒప్పందం. గడువు 11 నెలలు. ఏడాది దాటిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పక రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికే ఈ పదకొండు. అది అందరూ చేసేదే. నన్ను ఆపింది ఆఖరి షరతు. ఇల్లు ఎలా తీసుకున్నారో అలాగే అప్పగించాలట. ఇంకేమీ లేదు.

అలాగే అంటే ఎలా? 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను తీరం దాటింది ఈ పక్కనే, గోపాల్‌పూర్ దగ్గర. అయిదేళ్లకు మళ్లీ అక్టోబరులోనే తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, ఈ గంజాం జిల్లానూ ముంచింది. ఇలాంటి చోట ఎగిరిపోయిన రేకుకు, పగిలిన కిటికీ అద్దానికి డబ్బులెవరివి?

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ దీనికి ఎప్పుడో జవాబు చెప్పింది. వాడకం వల్ల వచ్చే అరుగుదలకు, ఎవరూ ఆపలేని విపత్తుకు అద్దెదారు బాధ్యుడు కాడు. అగ్గి, గాలివాన, వరద వల్ల ఇంట్లో ముఖ్యభాగం శాశ్వతంగా పనికిరాకుండా పోతే లీజు రద్దు చేసుకోవచ్చు. యజమాని చేయించాల్సిన మరమ్మతును చెప్పినా చేయించకపోతే, అద్దెదారే చేయించి అద్దెలో కోసుకోవచ్చు. చిక్కల్లా సెక్షన్ మొదట్లోనే ఉంది: ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతేనే ఇవన్నీ. అంటే సంతకం పెట్టేముందు ‘అరుగుదల, తుఫాను నష్టం మినహా’ అని చేర్పించుకోవడంలోనే ఉంది అద్దెదారు తెలివంతా.

ఇంటివాళ్లను తిట్టిపోయడం నాకిష్టం లేదు. పింఛను చాలక మేడ మీద వాటా అద్దెకిచ్చిన పెద్దావిడకూ ఆ రేకు ఖర్చు భారమే. అందుకే ముందే మాట్లాడుకోమనడం.

సంపాదకులు చరిత్ర కూడా ఉండాలన్నారు గనక: 1936 ఏప్రిల్ 1 దాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోది. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి 1894లో ఇక్కడే పుట్టారు. 1962లో మెడికల్ కాలేజీ, 1967లో విశ్వవిద్యాలయం, 2016లో శాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఐసర్ వచ్చాయి. అద్దెకుండేవాళ్లూ వాటి వెంటే పెరిగారు.

మిగిలినవి
దిగిన రోజే కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసుకోండి. బిల్లు విద్యుత్ సంస్థ టీపీఎస్‌ఓడీఎల్‌ది, పాత బాకీ ఉందేమో చూడండి. నీళ్ల సంగతి ఎండాకాలం లెక్కలో అడగండి. జీతంలో అద్దె మినహాయింపు కోరేవాళ్లకు, ఏడాది అద్దె లక్ష దాటితే యజమాని పాన్ నంబరు కావాలి. అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని 2021 నమూనా అద్దె చట్టం అంటుంది గానీ, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది చెల్లుతుంది.

కొత్తగా దిగేవాళ్లు ఆ తుఫాను మాటను అడ్వాన్సు చేతిలో పెట్టకముందే రాయించుకోండి. పాత ఒప్పందం ఉన్నవాళ్లు పదకొండు నెలలు నిండి తిరగరాసేటప్పుడు అడగండి.