ఆపరేషన్‌కు రెండు వారాల ముందే మొదలయ్యే చికిత్స

లాపరోస్కోపీ కెమెరా పొట్టలోకి వెళ్లగానే సర్జన్‌కు ముందుగా అడ్డువచ్చేది కాలేయం. దాని ఎడమ భాగం జీర్ణాశయం పైభాగాన్ని గొడుగులా కప్పి ఉంటుంది. బరువు తగ్గించే ఆపరేషన్‌లో అసలు పని అంతా ఆ గొడుగు కిందే జరగాలి. ఊబకాయం ఉన్నవారిలో చాలామందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంటుంది. అలాంటి కాలేయం పెద్దదవుతుంది, బరువెక్కుతుంది. పరికరంతో పైకెత్తి పట్టుకుంటే చిరిగి రక్తం కారే ప్రమాదం ఉంది. చోటు చాలకపోతే చిన్న రంధ్రాలతో అయిపోవాల్సిన ఆపరేషన్‌ను పొట్ట కోసి చేయాల్సి రావచ్చు. ఒక్కోసారి మధ్యలోనే ఆపేయాల్సీ రావచ్చు.

అందుకే బేరియాట్రిక్ సర్జరీకి తేదీ ఇచ్చేటప్పుడే ఆస్పత్రివాళ్లు చేతిలో ఒక డైట్ కాగితం పెడతారు. రెండు వారాల పాటు రోజుకు సుమారు 800 నుంచి 1000 కేలరీలు మాత్రమే తినాలి. అన్నం, చపాతీ, దుంపలు, తీపి, వేపుళ్లు దాదాపు ఉండవు. ప్రోటీన్ పొడి కలిపిన పానీయం, పల్చటి మజ్జిగ, గుడ్డులోని తెల్లసొన, నూనె లేని కూరగాయలు, పప్పు కట్టు వంటివి ఉంటాయి. “ఎలాగూ ఆపరేషన్‌తో తగ్గుతాను కదా, ముందే ఈ కడుపు మాడ్చుకోవడం ఎందుకు?” అని చాలామంది అడుగుతారు. ఈ డైట్ అసలు గురి కాలేయం మీదే. అందులో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం తనతోపాటు దాదాపు మూడింతల నీటిని పట్టి ఉంచుతుంది. తిండిలో పిండిపదార్థం తగ్గగానే కొద్ది రోజుల్లోనే ఆ నిల్వా, ఆ నీరూ పోతాయి. ఆ వెనకే కొవ్వు కరగడం మొదలవుతుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో రోగులకు 12 వారాల పాటు ఇలాంటి డైట్ ఇచ్చి స్కానింగులతో కాలేయాన్ని కొలిచారు. దాని పరిమాణం సగటున 18.7 శాతం తగ్గింది. ఆ తగ్గుదలలో 80 శాతం మొదటి రెండు వారాల్లోనే వచ్చేసింది. కాగితం మీద రాసే ‘రెండు వారాలు’ వెనక ఉన్న లెక్క ఇదే.

దీనికి సరిగ్గా ఎదురు పనిచేసే అలవాటు ఒకటుంది. “ఇక జీవితంలో ఇవన్నీ తినలేనేమో” అనే దిగులుతో ఆపరేషన్‌కు ముందు వారం బిర్యానీ, స్వీట్లు, నచ్చిన హోటళ్లన్నీ చుట్టేయడం. ఆ దిగులు అర్థం చేసుకోదగ్గదే, నవ్వదగ్గది కాదు. కానీ ఆ వీడ్కోలు విందుల ఫలితాన్ని ఆపరేషన్ బల్ల దగ్గర సర్జన్ చూడాల్సి వస్తుంది. డైట్ మధ్యలో తప్పితే ఆ మాట దాచకుండా ముందే చెప్పడం అన్ని విధాలా మేలు.

ఇంతకీ లోపల ఏం చేస్తారు? మన దేశంలో ఎక్కువగా చేస్తున్న స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయాన్ని 75 నుంచి 80 శాతం దాకా నిలువునా కత్తిరించి తీసేస్తారు. అరటిపండు ఆకారంలో సన్నని గొట్టం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతోపాటే పోతుంది. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైన చిన్న సంచిని వేరుచేసి, నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఈ మార్పులతో పేగుల హార్మోన్లు, ఆకలి, రక్తంలో చక్కెర అన్నీ మారతాయి. అనుభవమున్న కేంద్రాల్లో ప్రాణాపాయం వెయ్యి మందిలో ఒకరి స్థాయిలోనే ఉంటుంది. అయినా అది సున్నా కాదు. ఆ ప్రమాదాన్ని ఇంకా కిందికి దించే పనుల్లో చాలావరకు రోగి చేతిలోనే ఉన్నాయి.

మొదటిది ఊపిరి. ఊబకాయం ఉన్నవారిలో నిద్రలో శ్వాస ఆగి ఆగి నడిచే స్లీప్ అప్నియా చాలా సాధారణం. “గురకే కదా” అని కొట్టిపారేసేవారికి మత్తు ఇచ్చినప్పుడు, మెలకువ వచ్చేటప్పుడు అది ముప్పవుతుంది. నిద్ర పరీక్షలో అది తేలితే ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందు నుంచే రాత్రిళ్లు సీపాప్ యంత్రం వాడమంటారు. మూడు బంతులుండే ప్లాస్టిక్ పరికరంతో గాలి లోపలికి పీల్చే అభ్యాసం, రోజూ నడక కూడా ఇప్పటినుంచే మొదలుపెట్టాలి. ఆపరేషన్ రోజు సాయంత్రమే లేచి నడవమంటారు. నడవకపోతే కాలి రక్తనాళాల్లో గడ్డలు కట్టి ఊపిరితిత్తులకు చేరవచ్చు. పొగ తాగేవారు కనీసం ఆరు వారాల ముందే మానేయాలి. బైపాస్ తర్వాత మళ్లీ మొదలుపెడితే కుట్టిన చోట పుండ్లు పడతాయి.

మధుమేహం ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. తిండి ఒక్కసారిగా తగ్గి, ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ పాత మోతాదులోనే వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మందులైతే, చక్కెర మామూలుగా కనిపిస్తున్నా రక్తంలో కీటోన్ ఆమ్లాలు పెరిగే స్థితికి దారితీయవచ్చు. డైట్ కాగితం తీసుకున్న రోజునే మందుల చీటీ కూడా చూపించి మార్పించుకోవాలి. సొంతంగా ఆపడం, తగ్గించడం వద్దు.

రక్తపరీక్షల జాబితా పొడుగ్గా ఉంటుంది. అందులో మనవాళ్ల విషయంలో ముఖ్యమైనవి హీమోగ్లోబిన్, ఐరన్, విటమిన్ డి, బి12. శరీరం బరువుగా ఉంది కాబట్టి పోషణ బాగానే ఉందనుకోవడం పొరపాటు. ముఖ్యంగా శాకాహారుల్లో బి12 లోపం ఎక్కువ. ఆపరేషన్ తర్వాత వీటిని గ్రహించే శక్తి ఇంకా తగ్గుతుంది. అందుకే లోపాలను ముందే సరిచేస్తారు. పిల్లలు కావాలనుకునే స్త్రీలకు ఇంకో మాట: ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలల దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు తగ్గేకొద్దీ పీసీఓఎస్ ఉన్నవారిలో గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి ఆ ఏర్పాటు ముందే మాట్లాడుకోవాలి.

శరీరం సంగతి ఇది. మనసు పరీక్ష అనగానే చాలామంది బిగుసుకుపోతారు. “నాకేమైనా పిచ్చా?” అనే మాట ఆ గది బయట తరచూ వినిపించేదే. ఆ పరీక్ష ఎందుకు అవసరమో చెప్పే పాత ఉదంతం ఒకటుంది. 1980లలో అమెరికాలోని శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే వైద్యుడు ఊబకాయ చికిత్సా కేంద్రం నడిపేవారు. అక్కడ ఒక వింత కనిపించింది. బాగా బరువు తగ్గుతున్నవారే మధ్యలో మానేస్తున్నారు. ఆయన వారిని పిలిచి మాట్లాడితే, చాలామంది చిన్నతనంలో లైంగిక హింసకు గురైనవారని తెలిసింది. వాళ్లలో కొందరికి లావు ఒక కవచం. అది కరుగుతుంటే భయం తిరిగి వచ్చింది. ఆ అనుభవం నుంచే బాల్యంలోని కష్టాలకూ పెద్దయ్యాక వచ్చే జబ్బులకూ సంబంధాన్ని చూపిన పెద్ద అధ్యయనం పుట్టింది, 1998లో ప్రచురితమైంది.

అందరి కథా అంత చేదుగా ఉండదు. కానీ ఆకలి లేకుండా తినే వేళలు దాదాపు ప్రతి ఒక్కరికీ ఉంటాయి. ఆఫీసు నుంచి అలసి వచ్చాక, ఇంట్లో మాటామాటా పెరిగాక, అందరూ పడుకున్నాక వంటింట్లో ఒంటరిగా. కత్తిరించిన జీర్ణాశయం కడుపు ఆకలిని తగ్గిస్తుంది. దిగులును తగ్గించదు. ఆపరేషన్‌కు ముందు రెండు మూడు వారాలు ఒక నోటుబుక్కులో ఏం తిన్నారో, ఆ సమయానికి మనసెలా ఉందో రాసి చూసుకుంటే ఆ వేళలు వాటంతటవే బయటపడతాయి. తిండి స్థానంలో ఏం పెట్టుకోవాలో అప్పుడు నిపుణులతో మాట్లాడవచ్చు.

ఆ ఖాళీలోకి మద్యం వచ్చే ప్రమాదం ఉంది. బైపాస్ తర్వాత మద్యం త్వరగా చిన్నపేగుకు చేరి, కొద్దిగా తాగినా గట్టిగా ఎక్కుతుంది. 2012లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో మద్యపాన సమస్య ఆపరేషన్‌కు ముందు ఏడాది 7.6 శాతం మందిలో ఉంటే, తర్వాత రెండో ఏడాదికి 9.6 శాతానికి చేరింది. కుంగుబాటు ఉన్నా, గతంలో ఆత్మహత్య ఆలోచనలు వచ్చినా దాచకూడనిది ఇక్కడే. వాడుతున్న మానసిక వైద్యపు మాత్రలను ఆపకూడదు. వాటి మోతాదు తర్వాత మార్చాల్సి రావచ్చు.

అంచనాలు కూడా ముందే సరిచూసుకోవాలి. స్వీడన్‌లో 1987లో మొదలై ఆపరేషన్ చేయించుకున్న రెండు వేల మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, బైపాస్ అయినవారు ఒకటి రెండేళ్లకు సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. మరణాలూ తగ్గాయి. అంటే ఫలితం గట్టిదే, కానీ కొంత బరువు తిరిగి వస్తుంది. మధ్యలో మూడు నాలుగు నెలలకు జుట్టు రాలుతుంది, చాలామందికి మళ్లీ వస్తుంది. చర్మం వేలాడుతుంది. ఇవి ముందే తెలిసినవారికి అప్పుడు కలిగే గాభరా తక్కువ.

ఇక ఇల్లు. మన పెళ్లి పంక్తిలో “ఇంకొంచెం వేసుకో అమ్మా” అనేది ప్రేమ. విస్తరిలో మిగిల్చేవాళ్లను అడిగి అడిగి వడ్డిస్తారు. ఆపరేషన్ తర్వాత నాలుగు ముద్దలకే ఆగాల్సిన మనిషికి ఆ ప్రేమే పెద్ద చిక్కు. కాబట్టి వంట చేసేవారు, ముఖ్యంగా అమ్మ గానీ అత్తగారు గానీ, ఒక్కసారైనా డైటీషియన్ దగ్గరికి కలిసి వెళ్లడం మంచిది. చిన్న చెంచాతో తినడం, ప్రతి ముద్దనూ ఇరవై సార్లు నమలడం, అన్నంతోపాటు నీళ్లు తాగకుండా అరగంట ఆగడం ఇంటిల్లిపాదీ ముందే అలవాటు చేసుకుంటే రోగి ఒక్కరే వేరుగా కూర్చోవాల్సిన పని ఉండదు.

ఇవన్నీ చూశాక కొందరికి మానసిక నిపుణులు “ఇప్పుడు కాదు, మూడు నెలల తర్వాత చూద్దాం” అంటారు. చాలామంది దాన్ని తిరస్కారంగా తీసుకుని, అడగకుండానే ఒప్పుకునే వేరే ఆస్పత్రిని వెతుక్కుంటారు. ఆ మూడు నెలల్లో అర్ధరాత్రి తిండి అదుపులోకి వస్తుంది, సిగరెట్ మానడం కుదురుతుంది, సీపాప్ అలవాటవుతుంది, బి12 పెరుగుతుంది. తేదీ మళ్లీ ఇచ్చినప్పుడు డైట్ కాగితం మాత్రం పాతదే ఇస్తారు: రెండు వారాలు, 800 కేలరీలు.